గే పురుషుల ప్రేమ, ఎడబాటు కథలు: మీకు ఏది ముందు, ఏది తర్వాత

"గే ప్రేమకథలు చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఎవరైనా అడిగితే చాలామంది నోట ఒకే పేరు వస్తుంది: బ్రోక్‌బ్యాక్ మౌంటెన్. గొప్ప కథే, అందులో అనుమానం లేదు. అయితే అడిగిన మనిషి ఎవరో, ఏ పరిస్థితిలో ఉన్నాడో కనుక్కోకుండా దాన్ని చేతిలో పెట్టడం నాకు నచ్చదు. అడిగింది ఈ మధ్యే తోడును పోగొట్టుకున్నవాడు కావచ్చు. కొడుకు గే అని కొత్తగా తెలిసిన తల్లి కావచ్చు. తన సంగతి ఇంకా ఎవరికీ చెప్పుకోని కుర్రాడు కావచ్చు. ఈ ముగ్గురికీ ఒకే కథ సరిపోదు.

ఇలాంటి కథల్ని మామూలుగా సుఖాంతం, దుఃఖాంతం అని విడగొడతారు. ఆ లెక్క ఎంపికకు పెద్దగా పనికిరాదు. చావుతో ముగిసినా చదివాక మనసు తేలికపడే కథలున్నాయి. ఎవరూ చావకపోయినా రెండు రోజులు మనిషిని కుదురుగా ఉండనివ్వని కథలున్నాయి. నేను చూసేది వేరే: కథ అయ్యేసరికి మిగిలిపోయిన మనిషి ఎవరు, అతనికి నలుగురి ముందు ఏడ్చే వీలుందా? భార్య పోయిన భర్త దగ్గరికి పలకరించడానికి జనం వస్తారు. ప్రేమించిన మగవాణ్ని పోగొట్టుకున్న మగవాడి దగ్గరికి చాలాసార్లు ఎవరూ రారు. పోయినవాడు ఇతనికి ఏమవుతాడో వాళ్లకు తెలియదు, తెలిసినా ఒప్పుకోరు. మంచి కథకులు మళ్లీ మళ్లీ ఈ విషయం దగ్గరికే వచ్చారు, ఒక్కొక్కరు ఒక్కో దారిలో. ఆ దారుల్లో మీకు ఏది కావాలో తేల్చుకుంటే కథ ఎంచుకోవడం సులువవుతుంది.

ఒంటరిగా మిగిలినవాడు, చుట్టూ జనం ఉన్నవాడు

యానీ ప్రూ రాసిన బ్రోక్‌బ్యాక్ మౌంటెన్ 1997 అక్టోబరులో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది, 1999లో ఆమె క్లోజ్ రేంజ్ సంపుటిలో చేరింది. సూసన్ సాంటాగ్ రాసిన ద వే వుయ్ లివ్ నౌ అంతకు పదకొండేళ్ల ముందు, 1986 నవంబరులో, అదే పత్రికలో వచ్చింది. రెండూ ఒక్క పూటలో చదివేయొచ్చు. రెండూ స్త్రీలు రాసినవే. ఇక మిగతా అన్నిట్లోనూ ఇవి ఎదురెదురు ధ్రువాలు. అందుకే మొదట ఈ రెంటినీ పోల్చి చూడమంటాను.

ప్రూ కథలో ఎన్నిస్, జాక్ ఇరవై నిండని కుర్రాళ్లు. 1963 వేసవిలో అమెరికాలోని వయోమింగ్ కొండల మీద గొర్రెలు కాసే పనికి కుదురుతారు. అక్కడ ఒకరికొకరు దగ్గరవుతారు. పని అయిపోయి కొండ దిగాక, పెద్దగా ఏమీ మాట్లాడుకోకుండానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఒక మైలు వెళ్లాడో లేదో, ఎన్నిస్‌కు కడుపులోంచి పేగులు ఎవరో లాగేస్తున్నట్టుగా అవుతుంది. బండి పక్కకు ఆపి వాంతి చేసుకోబోతే ఏమీ రాదు. ఎక్కడో పాడైన తిండి తిన్నాననుకుంటాడు. అది తిండి వల్ల వచ్చిన నొప్పి కాదని, జాక్‌ను కళ్లముందు నుంచి పోనివ్వడం వల్ల వచ్చిందని తెలుసుకోవడానికి తనకు ఏడాది పట్టిందని, నాలుగేళ్ల తర్వాత కలిసినప్పుడు జాక్‌తోనే చెబుతాడు. ప్రేమ అనే మాట తెలియని మనిషికి ఆ ప్రేమ కడుపునొప్పిగానే అర్థమైంది. కథ మొత్తానికి నాకు ఈ చోటే అన్నిటికన్నా ముఖ్యం. తర్వాత ఇరవై ఏళ్ల పాటు జరిగేదంతా ఇందులోనే ఉంది.

జాక్ పోయిన సంగతి ఎన్నిస్‌కు ఎవరూ వచ్చి చెప్పరు. తాను రాసిన పోస్టుకార్డు, ఆ మనిషి చనిపోయాడన్న ముద్రతో తిరిగొస్తుంది. జాక్ భార్యకు ఫోన్ చేసి, ఒక పాత స్నేహితుడిలా వివరాలు అడగాల్సి వస్తుంది. టైరు పేలి ప్రమాదంలో పోయాడని ఆమె చెబుతుంది. ఎన్నిస్‌కు మాత్రం ఎవరో కొట్టి చంపారనే అనిపిస్తుంది. చిన్నప్పుడు అలా కొట్టి చంపిన ఒక మనిషి శవాన్ని తండ్రే తీసుకెళ్లి చూపించాడు మరి. జాక్ తల్లిదండ్రుల ఇంటికి వెళితే తండ్రి అస్థికలు ఇవ్వనంటాడు. తల్లి మాత్రం గదిలోకి వెళ్లి చూసుకోనిస్తుంది. అక్కడ అలమరలో జాక్ చొక్కా లోపల ఎన్నిస్ పాత చొక్కా ఒకటి దొరుకుతుంది. పరామర్శ పేరుతో అతనికి దక్కింది అంతే.

సాంటాగ్ కథలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. జబ్బు పడినవాడికి పేరు లేదు. జబ్బుకు కూడా పేరు లేదు, ఎయిడ్స్ అనే మాట కథలో ఎక్కడా రాదు. కానీ చుట్టూ ఇరవై ఆరు మంది స్నేహితులు. వాళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరమాలలో ఒక్కో అక్షరంతో మొదలవుతాయి. కథంతా వాళ్ల మాటలే: ఇవాళ ఎలా ఉన్నాడట, డాక్టర్ ఏమన్నాడట, చాక్లెట్ ఎవరు తీసుకెళ్లారు, పూలు ఎవరు పట్టుకెళ్లారు, రోజూ వెళితే అతను అలసిపోడా, వెళ్లకపోతే ఏమనుకుంటాడు. ఒకరి మాట మధ్యలో ఇంకొకరి మాట దూరి, వాక్యాలు పేజీల కొద్దీ సాగిపోతాయి. ఎవరు అతనికి ఎక్కువ దగ్గర అనే పోటీ కూడా వాళ్ల మధ్య ఉంది. తమకూ వస్తుందేమో అనే భయం ఉంది. ఆసుపత్రి వరండాలో నిలబడి గుసగుసలాడుకునే మనుషులు ఎలా ఉంటారో అచ్చంగా అలాగే ఉంటారు. కథ ముగిసేసరికి అతను ఇంకా బతికే ఉన్నాడు. దాన్ని గట్టిగా చెప్పి ఆగుతుంది.

మరి ఏది ఎంచుకోవాలి? దాచుకున్న ప్రేమ మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ప్రూ. ఈ జీవితాలతో పరిచయం లేని పాఠకుడికి, "అంత ఇష్టమైతే కలిసి ఉండొచ్చుగా" అనే మనిషికి ఇంతకన్నా మంచి జవాబు లేదు. కానీ దాచుకున్న బతుకు ఇప్పటికీ బతుకుతున్నవాడికి, ఒంటరిగా దుఃఖంలో ఉన్నవాడికి నేను ఈ కథ ముందు ఇవ్వను. ఎన్నిస్‌కు ఎవరూ లేరు. ఆ గాలిలేనితనం చదివేవాడికీ అంటుకుంటుంది. అలాంటివారికి సాంటాగ్ కథ మేలు. అందులో జబ్బు ఉంది, భయం ఉంది, అయినా మనుషులు వస్తూపోతూ ఉంటారు. ఒక గే మనిషి మంచం చుట్టూ ఇంతమంది చేరడం చూసినప్పుడు కలిగే ఊరట చిన్నది కాదు.

భాష గురించి ఒక మాట. ప్రూ ఇంగ్లీషు కష్టం. పాత్రలు అక్కడి పల్లెయాసలో మాట్లాడతాయి, వాక్యాలు బిగుతుగా ఉంటాయి. సాంటాగ్‌లో మాటలు తేలికే, ఎవరు మాట్లాడుతున్నారో పట్టుకోవడమే కష్టం. పట్టుకోవాల్సిన పని లేదు, గొంతులన్నీ కలిసిపోనివ్వండి, అలా చదవడానికే రాసింది.

బ్రోక్‌బ్యాక్ సినిమా ముందు చూడొచ్చా అని అడిగేవాళ్లుంటారు. ఆంగ్ లీ 2005లో తీసిన సినిమా కథకు బాగా కట్టుబడి ఉంటుంది, చూస్తే నష్టం లేదు. అయినా కథే ముందు చదవమంటాను. ఇరవై ఏళ్లు కొన్ని పేజీల్లో దాటిపోతాయి. ఆ వేగమే భయపెడుతుంది, ఇద్దరి జీవితం ఎప్పుడు అయిపోయిందో తెలియదు. సినిమాలో అది రాదు.

ఎయిడ్స్ కాలపు కథల్లో ఏది

ఈ జబ్బు గురించి మొదటి వైద్య నివేదికలు 1981లో వచ్చాయి, పేరు 1982లో స్థిరపడింది. మొదటి మందు ఏజెడ్‌టీకి అనుమతి దొరికింది 1987లో. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స 1996లో వచ్చేదాకా, జబ్బు పడటమంటే చాలామందికి చావు ఖాయమైనట్టే. ఆ పదిహేనేళ్లలో వచ్చిన కథలకు ఒక తొందర ఉంటుంది. రాస్తున్నవాళ్లలో కొందరికి తమకే ఎంత టైమ్ ఉందో తెలియదు. ఆలెన్ బార్నెట్ అనే రచయితకు మిగిలింది ఒకే ఒక్క కథల పుస్తకం, ద బాడీ అండ్ ఇట్స్ డేంజర్స్. అది 1990లో వచ్చింది, 1991లో ఆయన ఆ జబ్బుతోనే పోయాడు.

ఈ కథలన్నీ ఒక్కలా ఉంటాయని అనుకుంటారు, ఉండవు. 1987లో ఆడమ్ మార్స్-జోన్స్, ఎడ్మండ్ వైట్ ఇద్దరూ కలిసి ద డార్కర్ ప్రూఫ్ అని ఒక పుస్తకం వేశారు. ఒకే పుస్తకంలో ఒకే జబ్బు గురించి రెండు స్వభావాలు కనిపిస్తాయి. మార్స్-జోన్స్ రాసిన స్లిమ్ కథలో చెప్పేవాడే రోగి. జబ్బు పేరు వినీ వినీ విసిగి, తన ఇంట్లో ఆ మాటే వాడనని తీర్మానించుకుంటాడు. దాని బదులు స్లిమ్ అంటాడు. సాయం చేయడానికి ఒక వాలంటీర్ ఇంటికి వస్తుంటాడు. ఎంతో మంచివాడు, ఆ మంచితనమే ఒక్కోసారి రోగికి భారం. జబ్బు మనిషిని చూసుకుంటున్నవాళ్లు ఈ కథ తప్పక చదవాలి. మనం ప్రేమతో చేసేది అవతలివాడికి లోపల ఎలా అనిపిస్తుందో ఇంత నిజాయతీగా చెప్పిన కథలు తక్కువ.

వైట్ రాసిన యాన్ ఒరాకిల్ మిగిలినవాడి కథ. చాలా ఏళ్లు కలిసి బతికిన జార్జ్ పోయాక, రే అనే నడివయసు మనిషి గ్రీసులోని క్రీట్ దీవికి వెళతాడు. అక్కడ మార్కో అనే కుర్రాడి మీద మనసు పడతాడు. పోయినవాడి గొంతు ఇంకా చెవిలో ఉండగానే కొత్త కోరిక పుట్టడం, అది ద్రోహమా అనే ప్రశ్న, ఇవే కథ. తోడు పోయి కొంతకాలం గడిచిన మనిషికి ఈ మొత్తంలో నేను మొదట ఇచ్చేది ఇదే. పోయిన కొత్తలో మాత్రం వద్దు. మళ్లీ బతకాలనే ఆలోచనే తప్పుగా తోచే రోజుల్లో ఈ కథ మీద కోపం వస్తుంది.

బార్నెట్ పుస్తకంలో ద టైమ్స్ యాజ్ ఇట్ నోస్ అస్ చాలా పెద్ద కథ. సముద్రం పక్కన వేసవికి ఇల్లు తీసుకున్న స్నేహితుల్లో ఒకరికి జ్వరం ముంచుకొస్తుంది. సాంటాగ్ కథలో స్నేహితుల మాటలు వింటాం. ఇక్కడ వాళ్ల చేతుల్ని చూస్తాం: తడిగుడ్డ ఎవరు వేస్తున్నారు, ఎవరు తప్పుకుంటున్నారు. నాకు సాంటాగ్ కన్నా ఇదే ఇష్టం. కాకపోతే నిడివి ఎక్కువ, దుఃఖం దట్టం. ఈ కాలపు కథలు ఇంకో రెండు చదివాక దీనికి రండి.

మనిషి పోలేదు, అయినా పోయాడు

చావు లేని ఎడబాటు గురించి రాయడం ఇంకా కష్టమని నా అభిప్రాయం. ప్రేమించినవాడు పెళ్లి చేసుకుంటాడు. పెళ్లి పత్రిక మనకే ఇస్తాడు. మనం వెళ్లాలి, అక్షింతలు వేయాలి, ఫొటోలో నవ్వాలి. దీన్ని దుఃఖం అని పిలవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే అందరి లెక్కలో అది శుభకార్యం.

ఈ నొప్పిని దగ్గరగా చూడాలంటే వసుధేంద్ర రాసిన మోహనస్వామి చదవాలి. కన్నడంలో 2013లో వచ్చిన కథల పుస్తకం, 2016లో రష్మి తెర్దాళ్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది. మోహనస్వామి అనే మనిషి చాలా కథల్లో మళ్లీ మళ్లీ వస్తాడు: సైకిల్ తొక్కడం రాక మగపిల్లల ఎగతాళికి గురైన కుర్రాడిగా, పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న పెద్దవాడిగా, కార్తీక్ అనే మనిషిని ప్రేమించి అతని పెళ్లికి మిగిలిపోయినవాడిగా. కార్తీక్‌కు మోహనస్వామితో గడిపిన కాలం ఒక దశ. మోహనస్వామికి అదే జీవితం. ఈ తేడాను రచయిత ఎవరినీ తిట్టకుండా చూపిస్తాడు. చివరి కథలో మోహనస్వామి కిలిమంజారో పర్వతం ఎక్కుతాడు. పుస్తకం ఎంత బరువుగా ఉన్నా ఆ ఎక్కడం దగ్గరికి వచ్చేసరికి పాఠకుడికీ ఊపిరి ఆడుతుంది.

అన్నీ ఒకే స్థాయి కథలు కావు, కొన్నిట్లో చెప్పడం ఎక్కువై చూపించడం తగ్గింది. అయినా మన ఇళ్లలాంటి ఇళ్లు, మన అమ్మల్లాంటి అమ్మలు, పెళ్లి ఎప్పుడని వదలకుండా అడిగే చుట్టాలు ఉన్న కథలు కావాలనుకునేవాళ్లకు ఈ జాబితాలో ఇంతకన్నా దగ్గరిది లేదు. వయోమింగ్ కొండలు, న్యూయార్క్ ఆసుపత్రులు ఎంత బాగా రాసినా వేరే లోకమే. గే జీవితం ఏదో పడమటి దేశాల సంగతి అనుకునే మనిషికి మోహనస్వామి ఇవ్వండి, వాదన అక్కర్లేదు.

దీనికి జతగా చదవాల్సిన చిన్న కథ జేమ్స్ బాల్డ్‌విన్ రాసిన ది అవుటింగ్. 1951 నాటిది, 1965లో గోయింగ్ టు మీట్ ద మ్యాన్ సంపుటిలో చేరింది. న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ ప్రాంతంలో ఒక నల్లజాతి చర్చి వాళ్లంతా జూలై నాలుగున పడవలో విహారానికి వెళతారు. జానీ, డేవిడ్ ఇద్దరూ కుర్రాళ్లు. జానీకి డేవిడ్ అంటే ప్రాణం. డేవిడ్ మనసు సిల్వియా అనే అమ్మాయి వైపు తిరుగుతోంది, ఆమెకు పుట్టినరోజు కానుక ఇవ్వాలని ఆరాటం. అంతే కథ. తిరుగు ప్రయాణంలో జానీ డేవిడ్ భుజం మీద తల ఆనించుకుంటాడు. ఇదివరకు అక్కడ దొరికిన ప్రశాంతత ఇప్పుడు దొరకదు, ఆ చోట భయం ఉంటుంది. డేవిడ్ ఎక్కడికీ వెళ్లలేదు, పక్కనే ఉన్నాడు. పోగొట్టుకోవడం అప్పటికే మొదలైంది.

మోహనస్వామి, ది అవుటింగ్ రెంటిలో ఒకటే ఎంచుకోవాలంటే వయసు చూసుకోండి. ముప్పై దాటి, పెళ్లి అనే గోడను గుద్దుకున్నవాళ్లకు మోహనస్వామి. తొలిప్రేమ అప్పుడప్పుడే గుండెలో మెదులుతున్నవాళ్లకు బాల్డ్‌విన్. బాల్డ్‌విన్ కథలో ప్రార్థనలు, చర్చి భాష చాలా ఉంటాయి. అవి దాటేయకండి. పాపం గురించి పెద్దలు గొంతెత్తి చెబుతుంటే పక్కన ఈ పిల్లవాడు ఏం మోస్తున్నాడో ఆ భాగాల్లోనే తెలుస్తుంది.

అమ్మానాన్నల కోసం

తల్లిదండ్రులకు ఇవ్వడానికి రెండు పేర్లు చెబుతాను. శ్యామ్ సెల్వదురై రాసిన ఫన్నీ బాయ్ 1994లో వచ్చింది. ఆరు కథలు కలిసి ఒక నవలలా సాగుతాయి. కొలంబోలో ఒక తమిళ కుటుంబంలో పెరుగుతున్న ఆర్జీ అనే పిల్లవాడు. మొదటి కథలో పిల్లలంతా నానమ్మ తాతయ్యల ఇంట్లో చేరి పెళ్లికూతురు ఆట ఆడతారు, ఆర్జీయే ఎప్పుడూ పెళ్లికూతురు, చీర కట్టుకుని. పెద్దవాళ్ల కంట పడ్డాక ఆ ఆట నుంచి అతన్ని తప్పిస్తారు. ఎందుకు అని అమ్మను అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు, అర్థం లేని మాట ఒకటి చెప్పి తప్పించుకుంటుంది. ఆమెకూ బాధే. ఆ పెద్ద ఇంట్లో ఆడపిల్లల వైపు, మగపిల్లల వైపు అని రెండు వైపులున్నాయి. ఆర్జీకి ఇక ఏ వైపూ చోటు లేదు. తర్వాతి కథల్లో బడి, షెహాన్ అనే సింహళ కుర్రాడితో ప్రేమ, చివరికి తమిళుల మీద జరిగిన 1983 జూలై అల్లర్లు. ఇల్లు, దేశం, షెహాన్ అన్నీ ఒకేసారి పోతాయి. పెద్ద చరిత్ర మధ్యలో చిన్న ప్రేమకు ఏడవడానికి తీరిక కూడా దొరకకపోవడం ఇందులో ఉంది.

డేవిడ్ లెవిట్ రాసిన టెరిటరీ 1982లో న్యూయార్కర్‌లో వచ్చి, 1984లో ఫ్యామిలీ డాన్సింగ్ సంపుటిలో చేరింది. ఇందులో తల్లి సంప్రదాయవాది కాదు. కొడుకు నీల్ గే అని తెలిశాక, అలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘానికి నాయకత్వం కూడా వహించింది. అంత చేసిన మనిషి, కొడుకు తన ప్రియుడు వేన్‌ను ఇంటికి తీసుకొచ్చేసరికి తట్టుకోలేకపోతుంది. ఒప్పుకోవడం ఒకటి, కళ్లముందు ఆ ప్రేమ తిరుగుతుంటే చూడటం ఇంకొకటి. ఎవరూ అరవరు, ఎవరూ ఇల్లు వదలరు. తల్లి ఏదో పోగొట్టుకుంది, కొడుకు కూడా పోగొట్టుకున్నాడు.

ఇప్పుడే విషయం తెలిసి టెన్షన్‌లో ఉన్న తల్లికి ఫన్నీ బాయ్ మొదటి కథ ఒక్కటి ఇవ్వండి. అందులో బాధపడేది పిల్లవాడు, పైగా చిన్నవాడు, ఏ తల్లికైనా మనసు అతని వైపే వెళుతుంది. "మాకేం అభ్యంతరం లేదు" అని చెప్పి కూడా అల్లుడి స్థానంలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవలేకపోతున్న పెద్దలకు టెరిటరీ. రెంటిలోనూ ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది. బ్రోక్‌బ్యాక్ మాత్రం తల్లిదండ్రులకు మొదట ఇవ్వొద్దని గట్టిగా చెబుతాను. కొడుకును ఎవరో కొట్టి చంపుతారేమో అనే భయం వాళ్లకు ముందే ఉంటుంది, కథ దాన్ని పదింతలు చేస్తుంది.

పాత కథల సంగతి

ఇంగ్లీషు రచయిత ఈ.ఎం. ఫార్‌స్టర్ ఇలాంటి కథలు దశాబ్దాల పాటు రాసి దాచుకున్నాడు. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన చట్టం ఇంగ్లండులో 1967లో మారింది, ఆయన 1970లో పోయాడు, ద లైఫ్ టు కమ్ సంపుటి 1972లో వచ్చింది. సంపుటికి పేరిచ్చిన కథలో ఒక మత ప్రచారకుడు, ఒక తెగ నాయకుడు విఠోబాయ్. ఒక రాత్రి ప్రేమను విఠోబాయ్ జీవితాంతం నమ్ముకుంటాడు, ప్రచారకుడు దాన్ని పాపమనుకుని దాచేస్తాడు. ద అదర్ బోట్ ఇండియాకు వస్తున్న ఓడలో ఒక ఇంగ్లీషు సైనికాధికారి, మిశ్రమ జాతి యువకుడు ఒకే క్యాబిన్‌లో ఉండటం గురించి. రెండూ హత్యతో ముగుస్తాయి. కథనం పట్టు అద్భుతం. తెల్లవాడి అధికారం, జాతి భేదం ప్రేమలో ఎలా దూరతాయో ఈ రెండు కథలు చూపినంత బాగా నేటి కథలు కూడా చూపలేదు. అయినా మొదటి పుస్తకంగా వద్దు. చావు ఇక్కడ కొంత ముందే నిర్ణయమైపోయినట్టు ఉంటుంది. ఇంకా కొన్ని కథలు చదివి, అన్ని ప్రేమలూ ఇలా ముగియవని మనసుకు తెలిశాక చదివితే వీటి గొప్పతనం తెలుస్తుంది.

హిందీలో పాండేయ బేచన్ శర్మ 'ఉగ్ర' రాసిన చాక్లెట్ కథలు 1920లలో వచ్చాయి, పెద్ద గొడవే లేచింది. మగవాళ్ల మధ్య ఆకర్షణను ఖండించడానికే రాశానని రచయిత చెప్పుకున్నాడు. చదివినవాళ్లలో కొందరికి అందులో తమ జీవితం కనిపించింది. రూత్ వనిత ఇంగ్లీషు అనువాదం, ఆమె ముందుమాటతో సహా ఉంది. చరిత్ర మీద ఆసక్తి ఉంటే తీసుకోండి. ఊరట కోసం వెతుకుతున్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, మాటలు గుచ్చుకుంటాయి.

ఇప్పటి కథలు

బ్రయన్ వాషింగ్టన్ రాసిన లాట్ (2019), బ్రాండన్ టేలర్ రాసిన ఫిల్తీ యానిమల్స్ (2021) రెండూ బాగున్నాయి. మొదటిది హ్యూస్టన్ నగరంలోని పేద పేటల్లో పెరిగిన కుర్రాడి చుట్టూ తిరుగుతుంది, ఇంట్లో హోటల్ పని, అన్న దెబ్బలు, వెళ్లిపోయిన తండ్రి, వీటి మధ్య అతని ప్రేమలు. రెండోది చదువుల ఊర్లో ఒంటరి యువకుల కథలు, అందులో లియొనెల్ ఆత్మహత్యాయత్నం నుంచి కోలుకుంటున్నవాడు. అలాంటి ఆలోచనల్లో ఉన్న మనిషికి ఫిల్తీ యానిమల్స్ ఇవ్వకండి. ముందు మాట్లాడించండి, డాక్టర్ దగ్గరికి తోడుగా వెళ్లండి, పుస్తకం తర్వాత. రెంటిలోనూ శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది, ఇబ్బంది అనుకునేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

కోమ్ టోబిన్ 2010లో వేసిన ద ఎంప్టీ ఫ్యామిలీలో చివరి కథ ద స్ట్రీట్ గురించి ఇంకొంచెం చెప్పాలి. బార్సిలోనాకు బతుకుతెరువు కోసం వచ్చిన పాకిస్తానీ కుర్రాడు మాలిక్, అదే గుంపులో ఉండే అబ్దుల్. ఇద్దరూ ఇతరులతో కలిసి ఇరుకు గదుల్లో పడుకునేవాళ్లు, ఏకాంతం అన్నదే లేదు. ఊరి భాష రాదు. వాళ్ల సంగతి బయటపడితే దెబ్బలు కూడా పడతాయి. అయినా కథ వాళ్లను చంపదు, విడదీయదు. తాళం పడే ఒక గది, పక్కన మనిషి, ఇంతే కోరుకుంటారు. ఇంటికి డబ్బు పంపాల్సిన బాధ్యత, దాచుకోవాల్సిన ప్రేమ రెండూ ఒకే మనిషి మీద ఉండటం తెలిసినవాళ్లు ఈ కథను తమదిగా చదువుకుంటారు. ఆశ కావాలి, అయితే అది అబద్ధపు ఆశ కాకూడదు అనుకునేవాళ్లకు నా మొదటి ఎంపిక ఇదే.

ఈ పేర్లలో లేని కథ చేతికొస్తే

కొన్ని పేజీలు చదివి నేను రెండు మూడు విషయాలు చూస్తాను. ఇద్దరికీ ప్రేమ కాకుండా ఇంకేమైనా జీవితం ఉందా, పని, అప్పులు, స్నేహితులు, ఇష్టమైన తిండి? ప్రేమలో పడటం తప్ప వేరే పని లేని పాత్రలు చనిపోతే మనకు తగలదు. చావు వస్తే దానికి కారణం కథలో ఉందా, లేక గే కాబట్టి చావాలన్నట్టు వచ్చిందా? అన్నిటికన్నా ముఖ్యంగా, భార్య ఎలా ఉంది? ఇష్టం లేని పెళ్లిలో ఆమెకూ జీవితం పోతుంది. ప్రూ తన కథలో ఎన్నిస్ భార్య ఆల్మాకు ఆ కోపం, ఆ అవమానం పూర్తిగా ఇచ్చింది. ఆమెను అడ్డంకిగా మాత్రమే రాసిన కథలు నేను పక్కన పెట్టేస్తాను, ప్రేమ ఎంత అందంగా రాసినా సరే.

సంకలనాల గురించి అడిగేవాళ్లకు: హోషంగ్ మర్చంట్ సంపాదకత్వంలో 1999లో వచ్చిన యారానా, మినల్ హజ్రత్‌వాలా సంపాదకత్వంలో 2012లో వచ్చిన అవుట్! రెండూ భారతీయ రచనలే. యారానాలో కథలే కాక కవితలు, నవలా భాగాలు కూడా ఉన్నాయి, ముందు తరం గొంతులు వినిపిస్తాయి. అవుట్! పూర్తిగా కథలు, అందులో స్త్రీల ప్రేమలూ ఉన్నాయి. మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవకుండా అక్కడక్కడా తెరిచి, ఏ గొంతు మీతో మాట్లాడుతుందో చూసి, ఆ రచయిత సొంత పుస్తకం తెచ్చుకోండి. యారానా వచ్చినప్పుడు ఇలాంటి సంబంధాలను నేరంగా చూసే సెక్షన్ 377 అమల్లోనే ఉంది, సుప్రీంకోర్టు దాన్ని 2018 సెప్టెంబరు 6న పరిమితం చేసింది. ఆ కాలంలో పేరు పెట్టుకుని అచ్చు వేయించడానికి ఎంత ధైర్యం కావాలో గుర్తుంచుకుని చదివితే, తడబడిన చోట్లు కూడా వేరేగా కనిపిస్తాయి.

ఇద్దరు కలిసి చదవాలనుకుంటే, అంటే ఒక జంట గానీ స్నేహితులు గానీ, ది అవుటింగ్, ద స్ట్రీట్ ఈ వరసలో తీసుకోండి. మొదటి కథలో పక్కన ఉన్నవాణ్ని పోగొట్టుకోవడం మొదలవుతుంది, రెండో కథలో అన్ని కష్టాల మధ్యా నిలబెట్టుకుంటారు. మధ్యలో ఒక రోజు ఎడం ఉంచండి, మాట్లాడుకోవడానికి.